ఖర్జూరం తిన్న కాటా

"నానీ, మస్తాన్ సాయిబు హజ్‌కి పోతన్నాడంట. అందరి దగ్గరా మాఫీ అడుగుతా మన సందులోకి వచ్చాడు, లే" అంటన్నావా? నేను లేవనే. మోకాళ్ళ నొప్పులని చెప్పు. కాదు, చచ్చిపోయానని చెప్పు. ఆయనొచ్చి నా జనాజాకి భుజం పడితే, అప్పుడు లేచి కూర్చుని అడుగుతా.

నవ్వమాక రేహానా, కూర్చో. మనింటి దాకా రావటానికి ఇంకా టయిం పడతది. గుమ్మం గుమ్మంలో టీ తాగాల గదా.

మీ అమ్మ నాకు చంకబిడ్డగా ఉన్నప్పుడు, గురజాలలో ఆయన మిరగాయల షెడ్డులో నేను తొడిమలు తీసేదాన్ని. వెయ్యి మంది ఆడోళ్ళం. సర్లే, నలభై మంది అనుకో. ఆ ఘాటుకి మేం తుమ్మితే కృష్ణ అవతల మిర్యాలగూడెంలో కోళ్ళు లేచేయి. ఇంటికొచ్చి బిడ్డని ముట్టుకోవాలంటే భయం, చేతులు అంత మంట. సగం సీసా కొబ్బరినూనె రుద్దితే గానీ దాన్ని ఎత్తుకునేదాన్ని కాదు.

కూలి తూకం మీదే. తొడిమ తీసిన కాయ ఎన్ని కేజీలుంటే అంత. ఎంత తీసినా కాటా లేచేది కాదే! "మీ చేతులు నిదానం" అనేవాడు. నిజమే కాబోలని ఇంకా వంగి తీసేవాళ్ళం. దోచుకున్నందుక్కాదు, మనం సోమరిపోతులమని మనచేతే అనిపించాడు చూడు, దానికి నాకిప్పటికీ కడుపు మండుద్ది.

అప్పుడు రంజాన్. కరీమూన్ లేదూ, మసీదు పక్కన ఇడ్లీలమ్ముద్దే, దానికి అప్పటికి మొగుడు పోయి ఏడాది. తెల్లారుజామున ఉపవాసం పట్టే ముందు సహరీకి రొట్టెలోకి నంజుకోటానికి ఏం లేక, ఒక గుప్పెడు కాయలు కొంగున కట్టుకుంది. అవీ మంచివి కాదు, తెల్లబడ్డ తాలుకాయలు. గుమాస్తా చూశాడు. సాయిబు షెడ్డు రేకులు ఎగిరేట్టు అరిచాడు. "రోజా ఉండి దొంగతనమా? శుక్రారం జమాత్ ముందు నిలబెడతా. దొంగకి మన దీన్‌లో ఏం శిక్షో తెలుసా? చెయ్యి నరకాల!"

అది చెయ్యి వెనక్కి దాచుకుంది బేటీ. నిజంగానే నరుకుతారేమోనని.

అక్కడితో ఆగితే బతికిపోయేవాడు. "ఎంత కొట్టేసిందో అందరి ముందూ తూయండి" అన్నాడు. నేనే లేచి కాటా దగ్గరికి పోయా. చూద్దును గదా, రాళ్ళుండే పళ్ళెం కింద చీమలు! లక్ష చీమలు. పల్నాడు చీమలన్నీ అక్కడే. పళ్ళెం తిరగేశా. అడుగున ఖర్జూరం ముద్ద, గుమ్మడికాయంత. సరే, నిమ్మకాయంత. రాళ్ళవైపు బరువెక్కేదానికి ఎప్పుడూ చింతపండు అంటించేవాడంట. ఆ రోజు అది ఊడిపోయింది కాబోలు, ఇఫ్తార్‌కి తెప్పించిన ఖర్జూరాలు నలిపి అతికించాడు. చింతపండు జోలికి చీమ రాలా. ఖర్జూరాన్ని వదులుద్దా?

"సాయిబుగారూ, మేమింకా ఉపవాసమే. మీ కాటా అప్పుడే రోజా విడిచిందే!" అన్నా.

ఆడోళ్ళంతా ఒకటే నవ్వు. ఆయన తప్పంతా గుమాస్తా మీదికి నెట్టేశాడు. మర్నాటి నించి నన్నూ కరీమూన్‌నీ పనికి రావద్దన్నాడు. పండక్కి మాత్రం జకాత్ అని చీరలు పంచాడు. కరీమూన్ పోలా. నేను పోయి రెండు తెచ్చుకున్నా. అది దానమేందే? మా చేతుల మంటతో నేసిన చీరలవి.

దొంగతనం హరామే. నేను కాదనను, కరీమూనూ కాదనలా. గుప్పెడు కాయలూ అక్కడే పోసి, "తప్పయింది, మాఫ్ చెయ్యండి" అని అందరి ముందూ అనింది. మరాయన? తూకంలో కొట్టేవాళ్ళకి నాశనమని ఖురాన్‌లో ఏకంగా ఒక సూరా, ఒక అధ్యాయమే ఉందే! వెనకటికి కరువొస్తే, ఆకలికి తీసినోడి చెయ్యి నరకొద్దని ఖలీఫాగారే ఆపించారని మా అబ్బా చెప్పేవాడు. ఆకలేసినోడి చెయ్యి కనపడింది గానీ, ఆకలి పెట్టినోడి చెయ్యి ఎవరికీ కనపడలా మా జమాత్‌లో. అల్లా తన హక్కు తను మాఫ్ చేస్తాడు. మనిషి హక్కు కొట్టేస్తే ఆ మనిషే మాఫ్ చెయ్యాల. అందుకేగా హజ్‌కి ముందు ఇప్పుడీ తిరుగుడు.

ఇన్నేళ్ళూ కరీమూన్‌కి 'మిరగాయల దొంగ' అనే పేరు పోలా. మొన్న ఇడ్లీలోకి కారం అయిపోతే, "కొట్టేసుకురా" అన్నాడంట ఒక ఎదవ. ఆయనేమో రేపు తిరిగొచ్చి హాజీ సాహెబ్!

వచ్చాడా? ఏమంటన్నాడు? "తెలిసో తెలియకో తప్పు చేస్తే మాఫ్ చెయ్యండి" అనా? తెలియక ఏందే? ఖర్జూరం దానంతటదే ఎగిరొచ్చి అతుక్కుందా?

నువ్వు పో. కుర్చీ వెయ్యి, మంచినీళ్ళివ్వు, ముసలాయన పాపం. తర్వాత కరీమూన్‌ని పిల్చుకురా. ఆయన్ని దాని మొహం చూసి, సందంతా వినేట్టు, "ఖర్జూరం పెట్టింది నేనే" అనమను. అంటే ఈ నిమిషమే మాఫ్ చేస్తా, మక్కాలో నాక్కూడా దువా చెయ్యమంటా. అనకపోతే, విమానం దగ్గర సామాన్లు తూస్తారంట గదా, ఆ ముద్ద కూడా తూయించుకోమను.

పో తల్లీ. నీ చెయ్యి ఎవరి మీదా బరువు కాకుండా అల్లా చూడాల, నిన్ను చల్లగా... ఏమేయ్, చెప్పులేసుకో, ఎండ! నేనా? వస్తన్నా, నా కర్ర ఇటివ్వు. కరీమూన్ వచ్చేసరికి నేను గుమ్మంలో ఉండాల...