అమ్మోరు కాదట

బరంపురం ఆసుపత్రి గేటు దగ్గర అతనికి కాలు నిలవడం లేదు. ఆలుమగలిద్దరికీ హెచ్ఐవీ ఉంది. ఇప్పుడు భార్యకు నడుం కింద పొక్కులు లేచాయి. జబ్బు ఇక మందులకు లొంగదేమోనని అతని భయం. అంతలో ఆమె బయటికి వచ్చింది.

"ఏటన్నాది డాక్టరమ్మ?"

"ఇంట్లో నీసు వండి ఎన్నాళ్ళయినాది?"

"అమ్మోరు పోసినింట్లో నీసేటే? అడిగిందానికి సెప్పు."

"అమ్మోరు కాదట, హెర్పిస్ అట. సానామందికి ఉంటాదట. ఒంట్లో పడుకోనుండి, సత్తువ తగ్గితే లేస్తాదట."

"అయితే మన మాత్రలు పనిసెయ్యట్లేదా?"

"మింగితే కదా పనిసేసీది!"

"ఏటీ?"

"అమ్మోరుండగా మందు ముట్టకూడదని మీయమ్మ అన్నాది కదా. అవీ మానేసినాను. డాక్టరమ్మ సెడామడా తిట్టినాది."

"నాతో ఒక్క ముక్క సెప్పొచ్చు కదే!"

"సెప్తే నువ్వు మింగమంటావు. అమ్మోరికి కోపమొస్తే?"

అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఇప్పుడేటి సెయ్యాలట?"

"మన మాత్రలు ఇయ్యాల్టి నుంచే మింగాలి. పొక్కులకి వేరే మాత్రలిచ్చినాది, తగ్గిపోతాదట. నిన్నూ సూపించుకోమన్నాది."

"నా నుంచే వచ్చినాదా ఇది?"

"అది నేనడగనేదు."

అతను మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె కొంగుకు కట్టుకున్న వేపమండ విప్పేసింది.

"బడా బజార్ మీదుగా ఎల్దాం పద. నెత్తళ్ళ ఎండుసేపలు కొందాం."

"మరి అమ్మకేటి సెప్దాం?"

"అమ్మోరిని సాగనంపేసినామని సెప్పు."