చేపల కొట్టులో బిషప్పుగారు

పెద్ద పదవి వస్తోందనగానే "నేను తగను" అని దాక్కోవడం, చర్చి గురువులు వెతికి పట్టుకుని బలవంతాన పీఠమెక్కించడం ఆ దేశపు ఆనవాయితీ. ఆర్చిబిషప్పుని ఎన్నుకునే రోజు కాబట్టి బిషప్పుగారు పొద్దుటి నుంచీ చేపలకు పొగ పట్టించే కొట్టులో, హెర్రింగ్ చేపల దండల కింద నక్కి ఉన్నారు. చివరికి వంటామె తలుపు తీసింది.

"ఏమే, వస్తున్నారా?"

"వచ్చి వెళ్లారు, ఏలినవారూ."

"వెళ్లారా! ఇక్కడ చూడలేదేం?"

"లేరని చెప్పాను. ప్రాణం పోయినా చెప్పొద్దని మీరేగా సిలువ మీద ఒట్టు వేయించుకున్నారు?"

"ఓసి పిచ్చిదానా, అది మాటవరసకే! మఠాధిపతిని చేసినప్పుడు గంటగోపురంలో దాక్కుంటే ఇట్టే పట్టుకున్నారు. బిషప్పుని చేసినప్పుడు గడ్డివాములో..."

"అప్పుడు మీరే దగ్గారటగా."

"ఇప్పుడూ దగ్గాను! గొంతు పోయేలా దగ్గాను!"

"విన్నారండీ. ముసలి మేక అని సర్దిచెప్పాను."

బిషప్పుగారు మసి మొహం తుడుచుకున్నారు.

"మరి ఎవరిని పట్టుకెళ్లారు?"

"పక్క ఊరి బిషప్పు అస్లాక్ గారిని."

"ఆ మొద్దునా! వాడెక్కడ దాక్కున్నాడు?"

"పీఠం వెనకాలేనండీ, కొత్త జోళ్లు బయటికి కనబడేలా."