‘ఆసనం కనబడుటలేదు’ అన్న జవాబును అంగీకరించని అధికారి

వెయ్యి తొమ్మిదివందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం నాడు, కుండపోత వానలో చొక్కా పూర్తిగా తడిసినా నియామక పత్రాన్ని మాత్రం తడవనీయకుండా, మా వాహన నమోదు కార్యాలయంలో గుమాస్తాగా అడుగుపెట్టిన మాన్య సహోద్యోగి ఈ మాసాంతాన పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేయుచున్నారు. వారిని మేమందరం ఎదుట ‘సార్’ అనీ, చాటున ‘చిటపట గారు’ అనీ పిలుచుకున్న సంగతి వారికీ తెలుసు గనుక, ఈ వీడ్కోలు సంచికలో దానిని దాచవలసిన అగత్యం లేదు.

తొలి దశాబ్దమంతా వారు యాజమాన్య హక్కు పత్రాలు పరిశీలించే కిటికీ వద్దనే గడిపారు. “ఇక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టారేంటండీ! కళ్లజోడు జేబులో ఉంటే అక్షరాలు కనబడతాయా?” అని విసుక్కుంటూనే, ఆ మనిషి కళ్లజోడు తీసి పెట్టుకునేదాకా ఆగి, సంతకం పెట్టించి, పని పూర్తిచేసి పంపేవారు. తరువాత రెండు ఉపకార్యాలయాలలో బాధ్యతలు నిర్వహించి, పదోన్నతిపై తిరిగి మా వద్దకే వచ్చారు. నాకు వారి పక్క బల్ల దక్కింది. అది వరమో శిక్షో తేల్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

వాహనాల హక్కు పత్రాలు, నమోదు పత్రాలు సమస్తమూ ఇకపై ఆన్‌లైన్‌లోనే సమర్పించవలెనన్న ఉత్తర్వు వచ్చిన నాడు అందరికంటే అధికంగా సంతోషించినది వారే. “అమ్మయ్య, నా గొంతుకు సెలవు దొరికింది,” అన్నారు. ఆ సంతోషం మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. పత్రాన్ని స్పష్టంగా స్కాన్ చేస్తే పరిమాణం అధికమన్నది యంత్రం. పరిమాణం తగ్గిస్తే అక్షరాలు అస్పష్టమన్నది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఎవరిని అడగాలో తెలియని జనం, చెక్కలు కొట్టి మూసేసిన మా కిటికీల ముందే వచ్చి నిలబడేవారు. యంత్రం దాటనిచ్చిన దరఖాస్తులు తప్ప మాకు మరేమీ కనిపించవు. లోపల మేము, బయట వారు, నడుమ చెక్క: ఇదీ మా ఆధునికత.

అటువంటి దినాలలో ఒక మెకానిక్ మా గదిలోకి దూసుకువచ్చాడు. అతని చెల్లెలు కుట్టుపనిలో దిట్ట. చిన్ననాటి జబ్బు వల్ల ఆమె కాళ్లు పనిచేయవు. ఊరికి ఆ చివరనున్న దుస్తుల ఫ్యాక్టరీలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. చక్రాల కుర్చీతో సహా వెనుకనుంచి ఎక్కి, ఆ కుర్చీలోనే కూర్చుని చేతులతో నడుపుకునేలా ఇతనే ఒక ఆటోను మార్చి ఇచ్చాడు. తనిఖీ అధికారి పరీక్షించి సరేనన్నారు. పత్రాలూ ఫొటోలూ సమర్పించడమే మిగిలింది. ఎన్నిసార్లు పంపినా ఒకటే జవాబు: ‘చోదకుని ఆసనం కనబడుటలేదు. మరల సమర్పించండి.’

“సీటు లేకుండా ఉండాలనే కదా సార్, ఆ బండి చేసింది!” అన్నాడు మెకానిక్. “ఒకటో తారీఖుకి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికిచ్చేస్తారట.”

మా సార్ సహాయ కేంద్రానికి ఫోన్ చేశారు. అవతలి కుర్రవాడు తేలికగా, “ఏదో ఒక సీటు అందులో పెట్టి ఫొటో తీయమనండి సార్, వెళ్లిపోతుంది,” అన్నాడు. ఇక చూడాలి!

“దొంగ ఫొటో పెట్టమంటావా? కాగితంలో ఒక బండి, రోడ్డు మీద ఒక బండి ఉంటే, రేపు ఏదైనా జరిగితే ఆ అమ్మాయికి దిక్కెవరయ్యా?”

మర్నాడు ఆ చెల్లెలినీ, ఆటోనూ ప్రధాన కార్యాలయానికి తీసుకువెళదామన్నారు. నడుపుకుంటూ వస్తానని ఆమె ఉత్సాహపడితే, “నంబరు లేని బండిని రోడ్డెక్కిస్తావా? నా ముందా?” అని ఆమెపైనా మండిపడి, ఆటోను సరుకుల వ్యానులోకి ఎక్కించారు. అక్కడ మెట్లు దిగి ఆవరణలోకి వచ్చిన మా శాఖ సంచాలకురాలు, ఆమె కుర్చీతో సహా ఎక్కి ఆవరణ చుట్టూ నడిపి చూపడం శ్రద్ధగా గమనించారు. “దీనికేముంది, నేనే పంపిస్తాను,” అని తమ ఫోనుతో తామే ఫొటో తీసి సమర్పించారు. చోదకుని ఆసనం కనబడుటలేదు.

మళ్లీ తీశారు. మళ్లీ కనబడలేదు.

“ఇదేం గోలండీ!”

“ఈ గోలతోనే మేడమ్, జనం నెలల తరబడి వేగుతున్నారు,” అన్నారు మా సార్. ఆనాడు ఆ గొంతులో చిటపట లేదు, అలసట ఉంది.

ఆ వారంలోనే యంత్రంలో చక్రాల కుర్చీ వాహనాలకు ప్రత్యేక విభాగం చేరింది. తిరస్కరణకు గురైన వారికోసం ప్రతి కార్యాలయంలో ఒక కిటికీ తెరవవలెనన్న ఉత్తర్వూ వచ్చింది. చెక్క ఊడదీయించి తొలిరోజు అక్కడ కూర్చున్నది మా సారే. నమోదు కార్డు అందుకుని కళ్లు తుడుచుకుంటున్న ఆ చెల్లెలితో, “ఏడుపు తర్వాతమ్మా, ముందు పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకో,” అన్నారు. ఆమె చదువుకుంది. సరిగ్గానే ఉంది. ఒకటవ తేదీన ఫ్యాక్టరీ గేటు ముందు తన బండి తనే ఆపుకుంది.

వారి సతీమణిని ఈ సంచికకై రెండు మాటలు చెప్పమని కోరితే, “ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు కదండీ. మా ఆయన రెండుచోట్లా పులే. ఇకనుంచి రోజంతా ఆ పులి నా దగ్గరే,” అని నిట్టూర్చారు. అమ్మా, మా సానుభూతిని స్వీకరించండి.

మొన్న ఆ కిటికీ తాళంచెవి నా చేతిలో పెడుతూ, “విసుక్కో, తప్పులేదు. వెనక్కి మాత్రం పంపకు,” అన్నారు. ముప్పై ఆరేళ్ల సేవకు ఇంతకంటే పెద్ద సారాంశం నాకు రాయచేతకాదు.

సార్, మీ రక్తపోటు అదుపులోనూ, మీ గొంతు ఖంగుమంటూనూ ఉండాలని, ఆయురారోగ్యాలతో నూరేళ్లూ కుటుంబ సమేతంగా వర్ధిల్లాలని, అప్పుడప్పుడూ ఈ దారిన వచ్చి మేము చేసే పనిలో తప్పులు పట్టి నలుగురిలో మమ్మల్ని చీవాట్లు పెట్టాలని కార్యాలయ సిబ్బంది యావన్మంది పక్షాన మనసారా కోరుకుంటున్నాను.