సముద్రాన్ని తోడిన పంపు ఖలాసీ

అంజన్న మొదట చెప్పింది చిన్న అబద్ధమే. అండమాన్‌లో హోటల్ మేనేజర్ తన సూట్‌కేసు మోశాడన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఆ సూట్‌కేసుకు తప్ప ఎవరికీ నష్టం లేకపోయేది. కానీ చిన్నదాని దగ్గర ఆగగలిగితే అతను అంజన్న ఎందుకవుతాడు?

బల్లార్‌పూర్ బొగ్గుగని కాలనీలో, అంజన్న క్వార్టర్ వసారాలో కూర్చున్నారు అందరూ. పొద్దు గూకుతున్నా, రెండుసార్లు నీళ్లు చల్లినా గచ్చు ఇంకా సెగలు కక్కుతూనే ఉంది. వచ్చినవాళ్ల కోసం కూలర్‌ను కిటికీలోంచి బయటి వైపు తిప్పి పెట్టింది రాజక్క. ఈ దీపావళికి కాలనీవాళ్లు కొందరు గని ఇచ్చే ప్రయాణ రాయితీ, ఎల్‌టీసీ, పెట్టుకుని అండమాన్ పోదామనుకుంటున్నారు. పోవడానికి దారులు రెండు. ఒకటి, చంద్రపూర్‌లోని టూరు కంపెనీ. వంటవాళ్లను, గిన్నెలను వెంట తీసుకెళ్లి, సముద్రం అవతల కూడా వేడివేడి వరణ్-భాత్, అదే పప్పన్నం, వడ్డిస్తుంది. రెండోది, నిరుడు దసరాకు పోయి వచ్చిన అంజన్న. గనిలో ఊరే నీళ్లను తోడే పంపు ఖలాసీగా ఇన్నేళ్లు చేశాడు గానీ, ఒక్కనాడూ నలుగురిని వెంట నడిపించిన మనిషి కాదు. ఇప్పుడు మెడలో విజిలు వేసుకుని ముందు నడవాలని అతని కోరిక.

"తిండికేం ఫికరు లేదు. మా రాజక్క ఉన్నది గదా!" అని ముందే చెప్పేశాడు అందరికీ.

రాజక్క గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నిరుడు కూడా ఆమె ఉంది. జొన్నపిండి, కారప్పొడి, రొట్టెల పెనం, కరెంటు కాయిల్ పొయ్యి, అన్నీ ఆమే మోసింది. హోటల్ రూములో తలుపు గడియ పెట్టుకుని, వెంట వచ్చిన అంజన్న దోస్తుల ఇండ్లవాళ్లందరికీ రొట్టెలు కొట్టింది, పప్పులు ఉడకబెట్టింది. వాళ్లందరూ సముద్రంలో మునిగి వచ్చి, తడి బట్టలతో మంచం మీద కూర్చుని తిని, మళ్లీ పోయేవారు. ఆమె చూసిన సముద్రం బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ సందులోంచి కనబడినంత. ఒక రొట్టె ముక్కంత. ఈసారి వంటవాళ్లు వచ్చే కంపెనీతో అయితేనే పోవాలి, లేకుంటే ఇంట్లోనే ఉండాలని ఆమె నిశ్చయం. కానీ తేల్చేది ఆమె కాదు, వసారాలో కూర్చున్నవాళ్లు.

"మేనేజర్ సూట్‌కేసు మోసుడు పెద్ద ముచ్చట గాదు వెంకన్నా," అంటూ అంజన్న పక్క క్వార్టర్ వెంకన్న తొడ మీద చరిచాడు. "లోపట అడుగు వెట్టంగనే నాకు దండ ఏసి, నా చెయ్యి వట్టుకోని ఇడ్సిపెడ్తలేడు. ఏందయ్యా అంటే, సార్, మీరు బల్లార్‌పూర్ నుంచి వచ్చిన్రట, గక్కడి ఎండల బతికిన మనిషిని ఒక్కసారి ముట్టుకోవాలని చిన్నప్పటికెల్లి కోరిక అన్నడు. ముట్టుకున్నడు. బొబ్బలు వచ్చినయ్."

"అయ్యో!" అన్నాడు వెంకన్న నిజంగానే. వెంకన్నకు దేవుడు నమ్మకం అనేదాన్ని ఎక్కువ కొలిచి పోశాడు.

బస్సు దిగిన ప్రతి ఒక్కరికీ వేసిన గవ్వల దండ అది. మేనేజర్ ముట్టుకున్నది సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన పెనం కాడను. ఇదేంటి అని అడిగాడు కూడా. రాజక్క ఒక గింజను గిన్నెలోకి విసిరింది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? రూంల ఏసీ నన్ను చూసుడుతోనే బందైంది. నా ఒంటి వేడికి దానికే చెమటలు వట్టినయ్. సరే తియ్ అని తినేతందుకు హాలుకు వోయిన. ఎండ్రికాయ తెచ్చిన్రు. ఎంతున్నది? సైకిల్ చక్రమంత."

"సైకిల్ చక్రమా?" అంది మల్లవ్వ. ఆ వసారాలో అందరికంటే పెద్దది, అంజన్నను నిక్కరు తొడుక్కునే నాటినుంచి ఎరిగినది.

"ట్రాక్టర్ చక్రమే అవ్వా. నువ్వు నమ్మవని తగ్గించి చెప్తున్న. ప్లేట్ల పట్టక దాన్ని నా ఎదురుంగ కుర్చీల కూసోవెట్టిన్రు. అది నన్ను చూస్తది, నేను దాన్ని చూస్త. ఎవలు ఎవలిని తినాల్నో ఆ వడ్డించెటోనికి సుత తెలుస్తలేదు. ఆఖరికి అదే గులాములెక్క తల వంచింది."

"ఖరంచ్ మామా? నిజమేనా?" అంది ఉజ్వల నవ్వాపుకుంటూ. వెనకలైను కోడలు, మరాఠీ బడిలో చదివినది, మాటకు ముందో వెనకో మరాఠీ ముక్క తగిలిస్తుంది.

"ఖరంచ్ బిడ్డా! అసలు ముచ్చట ఇంక మొదలే వెట్టలె. ఒకనాడు పొద్దుగాల నేను మంచం మీద కూసున్న. కాళ్లకు సల్లగ తగిలింది. చూస్తే నీళ్లు. సముద్రం లేచి హోటల్లకు వచ్చింది! మేనేజర్ ఒర్లుతుండు, దొరలు ఒర్లుతున్రు, నేను ఒక్కణ్ని నిమ్మళంగ ఉన్న."

ఆ పొద్దున బాత్రూం మోరీలో రాజక్క పోసిన గంజి, కడిగిన బియ్యం నీళ్లు, ఉల్లిపొట్టు అన్నీ కలిసి గడ్డకట్టి మోరీ మూసుకుపోయింది. నీళ్లు రూము నిండి వరండాలోకి పారాయి. మేనేజర్ ఒర్లిన మాట నిజం. కొత్త బూట్లు చేతిలో పట్టుకుని మంచమెక్కి, "ఏమే, ఏమైంది, ఏమే!" అని మేనేజర్ కంటే గట్టిగా ఒర్లింది ఎవరో రాజక్కకు తెలుసు. మోచేతి దాకా మోరీలో చెయ్యి పెట్టి ఉల్లిపొట్టు తీసిందెవరో కూడా తెలుసు.

"నేనెవణ్ని? పంపు ఖలాసీని! భూమి కడుపుల నీళ్లు తోడినోనికి పైనున్న సముద్రం ఒక లెక్కనా? హోటల్ల పూలచెట్లకు నీళ్లు వెట్టే చిన్న మోటరు ఉండె. దాన్నే పట్టుకచ్చి, పైపు కొసకున్న ఫుట్‌వాల్వ్ సముద్రంల ఏసి, చాలూ చేసిన. గుటగుట గుటగుట... మధ్యాహ్నం వరకు సముద్రం ఖాళీ!"

"నీళ్లు ఎటు తోడినవ్ మామా?" అని అడిగింది ఉజ్వల. "సుట్టూ సముద్రమే గదా. తీసి మల్ల అండ్లనే పోసినవా?"

రాజక్క చింతపండు మీంచి తల ఎత్తింది. అయిపోయింది, బండి ఆగింది అనుకుంది. కానీ అంజన్న ఆకాశం వైపు చూశాడు. జవాబు అక్కడ దొరికింది.

"మీదికి! పైపు మొగులు దిక్కు వెట్టిన. నిరుడు దసరాకు మనకాడ అడ్డగోలు వాన కొట్టలేదా? ఎక్కడిదనుకున్నవ్ అది?"

"ఔ! కొట్టింది! నా సోయ చేను తడిసింది!" అన్నాడు వెంకన్న లేచి నిలబడి.

"తాగి చూస్తే ఉప్పగ ఉంటుండె. నువ్వు తాగలె, అది నీ తప్పు. మరి ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? సముద్రం ఎండంగనే ఊళ్లె దుకాణపోళ్లందరు గంపలెత్తుకోని కిందికి దిగిన్రు. సముద్రం నడుమల అంగడి! మన ఐతారం బజారు దాని ముంగట ఏడికి? చేపలు ఎవలి గంపల అవే ఎక్కి కూసుంటున్నయ్. ముత్యాలు జొన్నల్లెక్క కుప్పలు. మానెడు కొలువు అన్న. దుకాణపోడు ధర దిగలె. నేను మన పద్ధతిల, వద్దు పో అని వెనుకకు మర్రిన. సార్ సార్ అనుకుంట సముద్రం ఆ ఒడ్డు దాకా ఉరికచ్చిండు. ఉత్తగనే తీస్కపో, నీ నడక చూడలేకపోతున్న అన్నడు."

"మరి ఏవిరా ముత్యాలు?" అంది మల్లవ్వ. "ఒక్కటన్నా మా మొహాన కొట్టకపోతివి."

"తెస్తుంటి అవ్వా! విమానంకాడ బరువు ఎక్కువైంది. ముత్యాలన్న దింపు, భార్యనన్న దింపు అన్నరు. ఏం చేస్త? ఈమెను తెచ్చిన."

అందరూ రాజక్క వైపు తిరిగి నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టే ముఖం పెట్టింది. ఆ ముత్యాలే నయం, సముద్రం దగ్గర ఉండిపోయాయి అనుకుంది.

నవ్వులు చూసి అంజన్నకు ఇంకా ఊపొచ్చింది. "అంగడి సరే. హోటల్ల వంటోళ్లందరు భయపడి ఉరికిన్రు. దొరలు, దొరసానులు, ఆకలికి సొమ్మసిల్లుతున్రు. నేను ధోతి మీదికి గట్టిన. ఈతకొట్టే కొలను ఉంటది గదా, దాని కింద మంట వెట్టిన. చేపలన్ని అండ్ల ఏసిన. పడవ తెడ్డుతోని తిప్పిన. పులుసు! గసుంటి పులుసు ఆ దీవిల పుట్టలె. తిని ఒక్కొక్కలు ఏడుస్తున్రు. హోటల్ మాలిక్ తాళాలు తెచ్చి నా కాళ్లకాడ వెట్టిండు."

"వండింది నువ్వా మామా, అత్తనా?" అంది ఉజ్వల.

"మీ అత్తతోని వంట చేపిస్తనా బిడ్డా, అంత దూరం తీస్కపోయి? ఆమెను ఒడ్డుకు కుర్చీ ఏసి కూసోవెట్టిన. నువ్వు సముద్రం చూసుకుంట కూసో, వంట నాది అన్న."

"తోడేసినవ్ గదా, ఏం చూసిందట?" అంది మల్లవ్వ.

ఆ మాటకు అందరూ నవ్వారు గానీ రాజక్క నవ్వలేదు. చేతిలోని చింతపండును గిన్నె పక్కన పెట్టేసింది. పంపుతో సముద్రం తోడినా, ఎండ్రికాయను కుర్చీలో కూర్చోబెట్టినా ఆమెకేం పట్టలేదు. ఈ ఒక్క కుర్చీని మాత్రం ఊరికే వదిలిపెట్టదలచుకోలేదు. తర్వాత ఆమె చీర దులుపుకుని లేచి వసారాలోకి వచ్చింది.

"నిజమే," అంది. "ఆయన చెప్పిందంతా నిజం."

అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది అంజన్నే.

"మీరు ఇంక దేనికి సోంచాయిస్తున్రు?" అంది రాజక్క. "పులుసు ఎట్లుండెనంటే, నేను కుర్చీలకెల్లి లేవలేకపోయిన. మా ఆయననే తీస్కపోండ్రి. పొద్దుగాల పోహకాడికెల్లి అన్ని ఆయనే వండుతడు. గింత మందిమి ఆయనకు ఒక లెక్కనా? నేను నిరుటి లెక్కనే ఒడ్డుకు కూసుంట."

"గది... గా కొలను ఉంటేనే..." అన్నాడు అంజన్న.

"కొలను లేకుంటే గిన్నె ఉంటది అన్నా," అన్నాడు వెంకన్న ధైర్యం చెబుతూ. "నీకు చిన్న గిన్నె ఇంకా అల్కగ ఉంటది."

మల్లవ్వ కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది. "గట్లయితే కొడుకా, ఇప్పుడైతే అందరికి చాయ్ పెట్టుకరా. నీ చేతి గుణం ఏందో చూసి ఖాయం చేద్దాం."

వెనక్కి పోవడానికి దారి లేదు. అంజన్న లోపలికి పోయాడు. లైటర్ టిక్కుటిక్కుమంటూ బల్లిలాగా చాలాసేపు కూసింది. ఏదో మూత దొర్లింది. ఏదో గిన్నె పడింది.

"ఏమే! చాపత్త డబ్బా ఏడున్నదే?"

"సముద్రం అడుగున ముత్యాలు దొర్కినోనికి అర మీది డబ్బా దొర్కదా?" అంది రాజక్క. ఆమె తన చోటునుంచి కదలలేదు. మల్లవ్వ పక్కన, కూలర్ గాలి తగిలేచోట కూర్చుంది.

అంజన్న మళ్లీ అడగలేదు. అడిగితే పులుసు ఏమవుతుంది, తెడ్డు ఏమవుతుంది? కాసేపటికి గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చాడు, నుదుటి చెమట తుడుచుకునేందుకు చెయ్యి ఖాళీ లేక.

ముందు వెంకన్న తాగాడు. భక్తిగా తాగాడు. పళ్ల కింద పటుక్కుమంది. నాలుక మీంచి ఒక నల్లటి గింజ తీసి, వేలి మీద పెట్టుకుని, లైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ సాయంత్రం అతను నమ్మనిది అదొక్కటే.

"అన్నా, గివి ఆవాలే."

అంజన్న గ్లాసులోకి చూశాడు. పాల మీద ఆవాలు తేలుతున్నాయి. తర్వాత తనకేసి చూస్తున్న ముఖాలను చూశాడు.

"అండమాన్ల గిట్లనే తాగుతరు," అన్నాడు.

మల్లవ్వ గ్లాసు ఎత్తి రోడ్డు మీదికి బొల్లున పారబోసింది. "ఉజ్వలా, గా వంటోళ్లు వచ్చే కంపెనీకి ఫోన్ కొట్టు. వీని వెంట పోతే సముద్రంల కాదు, ఆకలిల మునుగుతం."

ఉజ్వల అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. "హో కాకా, జేవణ్ తుమ్‌చంచ్," అంటూ తిండీ వంటా వాళ్లదేనని ఖాయం చేస్తోంది. వెంకన్న మాత్రం అంజన్న భుజం నిమురుతూ, కంపెనీవాళ్లకు పంపు ఖలాసీ అవసరం పడుతుందేమో అడుగుదామని ఓదారుస్తున్నాడు.

రాజక్క ఒక్కతే తన గ్లాసు పారబోయలేదు. గచ్చు మీద కాళ్లు చాపుకుని, ఆవాలు నములుతూ, గుక్కగుక్క తాగింది. ఆ ఇంట్లో ఆమె చేతికి ఇంకొకరు చేసి ఇచ్చిన మొదటి చాయ్ అది.

అంజన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఎట్లున్నదే?" అన్నాడు, ఎవరూ వినకుండా.

"ఇప్పుడు కాదు," అంది రాజక్క. "సముద్రం ముంగట కూసోని, మంచిగ సోంచాయించి చెప్త."