గదిలో జిన్ను

కరోనా రెండో ఏడు. ప్రొద్దుటూరులో ఒక ఇల్లు. మూసిన గది ముందర జేజి దిల్షాద్‌బీ, మనవరాలు ఇరమ్.

“ఏమే ఇరమ్, ఆ కిటికీకాడ ఏం చేస్తాండావు? ఇవతలికి రా!”

“ఏం ల్యా జేజీ. జిన్నుకు గుడ్డు పెడతాండా.”

“వాయమ్మో! దగ్గరికి పోయినావా?”

“ల్యా, కట్టెతో తోసినాలే. మాస్కు గూడా ఏసుకున్నా.”

“జిన్నుకు తిండేందే? అది పిల్లోళ్లను పీక్కతింటాదని చెప్తి గదా!”

“మరి నువ్వు పొద్దున రాగిజావ ఎందుకు పెట్టినావు?”

“అది... అది గమ్మున పండుకుంటాదని.”

“జిన్ను శానా దగ్గుతాంది జేజీ. మా అమ్మ మాదిరే.”

“జిన్నులన్నీ ఒకే మాదిరి దగ్గుతాయి. మీ అమ్మ జమ్మలమడుగులో ఉండాది, మీ పెద్దమ్మోళ్లింట్లో.”

“బస్సులు ల్యావు గదా, ఎట్ల పోయింది?”

“పాలబండెక్కి పోయింది.”

“నిన్న ఆటోలో పోయిందంటివి!”

“ఆటోలో పోయి... దిగి, పాలబండెక్కింది! నోరు మూసుకోని కత ఇను. ఆ జిన్ను ఈదులెంబడి తిరిగి అందర్నీ పీడించి, మనింట్లోకి దూరె. నేను టక్కున తలుపేస్తి. ఇంగ అది బయటికి రాల్యాదు. నువ్వు బయపడే పన్లే.”

“మరి నువ్వెందుకు ఏడుస్తాండావు?”

“ఎవురు ఏడ్చేది? ఎర్రగడ్డలు తరిగినా.”

“ఎర్రగడ్డలు మొన్ననే అయిపాయె గదా.”

“నీ యమ్మ కడుపు సల్లగుండ, నీతో ఏగలేక సస్తాండా!”

“తిట్టుకుంటానే ఈ సంగటి ముద్ద తిను. ఆఁ, మర్సిపోయినా. జావలో ఉప్పు ల్యాదని జిన్ను నీకు చెప్పమనింది.”

“ఉప్పు ల్యాదా? ఈ ఇంట్లో కాలు పెట్టిన కాన్నుంచీ నా వంటకు వంకలు పెట్టడమే గదా దాని పని!”

“జిన్నుదా?”

“...ఆఁ, జిన్నుదే. ఉండు ఉండు. ఉప్పు ల్యాదనిందా? ఆ మాటే అనిందా?”

“ఊఁ. నిన్నటిదాకా ఏది తిన్యా మన్ను తిన్నట్లుండెనంట.”

“యా అల్లా! నిజంగానే ఉప్పెయ్యల్యాదే నేను, మర్సిపోయినా! దానికి రుచి తెలిసిందంటే తగ్గతాండాదనే గదా! ఇంగ నా కోడలికి ఏం కాదు!”

“జిన్ను నీ కోడలా జేజీ?”

“దొంగముండా! నీకు ముందే తెలుసా?”

“నాకేం తెల్దు. తిను, ముద్ద ఆరిపోతాంది.”

“మీ అమ్మకు కరోనా అని తెలిస్తే బయపడి అన్నం మానేస్తావని గదే నేను ఈ జిన్నును పుట్టించింది! తెలిసీ దినామూ ఎందుకు చెప్పించుకుంటివే ఈ కత?”

“చెప్పొద్దనింది.”

“చెప్పే, నా బంగారు గదా.”

“‘నా దిగులుతో మీ జేజికి ముద్ద దిగదు, కత చెప్పేటప్పుడే నాలుగు మెతుకులు తింటాది. నేను బయటికొచ్చేదాకా ఆ జిన్నుకు బయపడినట్లే ఉండు పాపా’ అనింది జిన్ను.”