ల్యాబుకూ లారీలకూ నడుమ వేసిన బల్ల

1993 ఫిబ్రవరి 15న కైకలూరు శివారులోని మా రొయ్యల శుద్ధి కర్మాగారంలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరిన శ్రీమతి ప్రభావతి గారు, ముప్పై రెండేళ్ళ పైచిలుకు అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ ఆగస్టు నెలాఖరున ప్రయోగశాల అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. తాడేపల్లిగూడెంలో ఉపాధ్యాయ దంపతుల ఇంట జన్మించి, ఏలూరులో బి.ఎస్సీ. పూర్తిచేసిన ఆమె, చేరిన తొలి ఏడాదే కచ్చితత్వానికి మారుపేరనిపించుకున్నారు. ఆమె ముందు నోరెత్తడానికి మేనేజర్లు సైతం జంకేవారంటే అతిశయోక్తి కాదు.

అయితే ఆ రోజుల్లో మా సంస్థలో మూడు రాజ్యాలుండేవి. ఒకే చెరువును ల్యాబువారు శాంపిల్ నంబరుతోను, కొనుగోలు విభాగంవారు రైతు పేరుతోను, రవాణా విభాగానికి చెందిన మేము దారి గుర్తుతోను పిలిచేవాళ్ళం. ఎవరి చీటీ వారిది, ఎవరి గొప్ప వారిది.

2011 వేసవిలో ఆ గొప్పల ఫలితాన్ని కొల్లేటికోట వైపు రైతు తోమా గారు అనుభవించారు. ల్యాబు అనుమతించిన చెరువులో ఆయన తెల్లవారగానే వల వేయించారు. మా ఐసు లారీ మాత్రం 'తూము దగ్గరి చెరువు' అన్న మా చీటీ పట్టుకుని, పక్క తూము దగ్గరి చెరువుకు వెళ్ళి, అక్కడ ఎవరూ లేరని తిరిగొచ్చింది. మిట్టమధ్యాహ్నానికి గట్టు మీది రొయ్యలన్నీ పాడైపోయాయి. విచారణలో మూడు విభాగాలూ తమ తమ చీటీలు చూపించి నిర్దోషులుగా తేలాయి. "మా ల్యాబు చీటీలో తప్పేమీ లేదండీ" అని ప్రభావతి గారూ అన్నారు, అది నిజమే కూడా.

మర్నాడు కొనుగోలు అధికారి కాలేషా గారిని వెంటబెట్టుకుని ఆమె తోమా గారి చెరువు దగ్గరకు వెళ్ళారు. ఆయన ఒక్క మాటైనా తూలలేదు. "మీ కాయితాలన్నీ కరెక్టేనండీ, అమ్మగారూ. పాడైంది నా పంటేనండి" అన్నారు. తిరుగు దారిలో ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశానని కాలేషా గారు ఇప్పటికీ చెబుతారు. మళ్ళీ ఏ రైతుకూ అలా జరగకూడదన్నదే ఆనాటి నుంచి ఆమె పట్టుదల.

ఆ వారమే ఆమె తన బల్లను ల్యాబులోంచి లాగించి వరండాలో వేయించారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి మూడు విభాగాలవారూ దాని చుట్టూ నిలబడి, మర్నాడు పట్టబోయే ప్రతి చెరువునూ రైతు పిలిచే పేరుతోనే పైకి చెప్పుకోవాలి. ముగ్గురూ సరేనంటేనే లారీ కదలాలి.

"మేమెందుకండీ ల్యాబు దగ్గరకు రావడం?" అని మా విభాగం బెట్టు చేసింది.

"ల్యాబుకు కాదండీ, వరండాలోకి రండి" అన్నారామె నెమ్మదిగా.

తొలి నెలంతా మేము వెళ్ళింది ఆమె తెచ్చే సున్నుండల కోసమేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. తరువాత సున్నుండలు ఆగిపోయినా మేము వెళ్తూనే ఉన్నాం. రెండేళ్ళకు తోమా గారు కూడా తన పంటను తిరిగి మాకే ఇచ్చారు.

ఇటీవల ఆమెను పీడించిన బెంగ ఒక్కటే. ఇదంతా తన మీది గౌరవంతోనే సాగుతోందేమో, తాను వెళ్ళిపోయాక మళ్ళీ ఎవరి గదిలోకి వారు దూరిపోతారేమో అని. అందుకే గత నెలలో చెప్పాపెట్టకుండా ఒకరోజు సెలవు పెట్టి, ఏలూరులో తమ ఇంట ఫోను ఎదుట కూర్చున్నారు. సరిగ్గా ఆ రోజే వర్షానికి గట్లు తెగేలా ఉండటంతో ఐదు చెరువులు ఒక్కసారిగా పట్టవలసి వచ్చింది. ఏ లారీ దారి తప్పలేదు, ఏ రైతూ ఐసు కోసం ఎదురుచూడలేదు.

మర్నాడు వస్తూనే, "అంత హడావుడిలో ఒక్కరు కూడా నాకు ఫోన్ చేయలేదేంటండీ?" అని అడిగారు.

"అవసరం రాలేదండీ, మేడమ్. అందరం వరండాలోనే ఉన్నాం కదండీ" అన్నారు కాలేషా గారు.

ఆమె ఒక్క క్షణం చిన్నబుచ్చుకున్నట్టే కనిపించి, ఆ పైన మనసారా నవ్వారు. అంత తృప్తిగా ఆమె నవ్వగా మేమెన్నడూ చూడలేదు.

భర్త నిరంజన్ గారితోను, కుమార్తె జాయ్సీతోను కలసి ఆమె ఆయురారోగ్యాలతో, నిశ్చింతగా, నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మూడు విభాగాలవారమూ ఏకకంఠంతో ఆకాంక్షిస్తున్నాము. ఇకపై మా నుంచి ఆమెకు వచ్చే ప్రతి ఫోనూ పలకరింపు కోసమే తప్ప పని కోసం కాదని సవినయంగా మాట ఇస్తున్నాము.