వేలెడంత తీగ

కొర్రియెంతెస్ నగరంలో కస్టమ్స్ కార్యాలయం, నాలుగో కిటికీ. గాజుకు ఇవతల కంప్యూటర్లు బాగుచేసే ముసలాయన, అవతల మాతే కషాయం పీలుస్తూ గుమాస్తా.

"ఇది నా పెట్టేనా అమ్మా? నేను తెప్పించుకుంది వేలెడంత తీగ. ఇందులో మేకపిల్ల పడుతుంది."

"మీదే, ఎవరిస్తో గారూ. నా ముందు విప్పితేనే సంతకం పెడతాను."

"పెట్టెలో పెట్టె. అందులో బుడగల కవరు. అందులో ఇంకో కవరు. ఇదిగో తీగ, రిబ్బన్‌లా చదునుగా, ఉల్లిపొర అంత పలచన."

"ఫారం మూడు కాపీలు తెచ్చారా?"

"మూడుసార్లు వచ్చాను, తొమ్మిది కాపీలు ఇచ్చాను. అక్కడ మా రేడియో స్టేషన్ మూడు వారాలుగా మూగబోయి కూర్చుంది."

"ఏ రేడియో? పొద్దున్నే చమమే పాటలు వేసేదా?"

"అదే. దాని కంప్యూటర్‌కే ఈ తీగ."

"ముందే చెప్పొచ్చుగా. పాటలు లేక మా అమ్మ రోజూ నన్ను కాల్చుకు తింటోంది. ఆ పెట్టెలు అవతల పారేసి కాగితాలు ఇటివ్వండి. ఇక్కడో ముద్ర, ఇక్కడో ముద్ర. వస్తువు ఫారానికి అంటిపెట్టుకుని ఉండాలి, లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. ఇదిగో, కవరుతో సహా గట్టిగా పిన్ను కొట్టేశాను."

"అమ్మా."

"థాంక్స్ ఏమీ అక్కర్లేదు."

"పిన్ను తీగ నడిమధ్య దిగింది. ఒకసారి చూడండి."

ఆమె కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"దెబ్బతిన్న వస్తువులకు ఆరో కిటికీ," అంది గొంతు తగ్గించి. "ముందు ఆ పెట్టెలు ఏరుకు రండి, ఎవరిస్తో గారూ. అవి లేకపోతే వాళ్లు ఫారం కూడా ఇవ్వరు."